ఊరికి మార్కులు వేయాల్సింది ర్యాంకు చూసా, నీళ్లు దిగిన గంటలు చూసా?

పల్లంవీధి:

మాది గోదావరి డెల్టాలో ఒక మున్సిపాలిటీ. పేరు రాయను. రాస్తే చర్చ మా ఊరి రాజకీయం మీదకి పోతుంది. అయినా పక్క ఊరి పేరు పెట్టి చదువుకున్నా కథ మారదు.

కిందటి నెల మా సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు, శుభ్రతని బట్టి కేంద్రం ఊళ్లకి ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో మన స్థానం మెరుగుపడిందని. వారం తిరక్కుండా ఆ ఫ్లెక్సీ కింద మోకాలి లోతు నీళ్లు. వాన రాత్రి పదకొండింటికి ఆగింది. మా గుమ్మం ముందు నీళ్లు మర్నాడు దీపాలు పెట్టే వేళకి గానీ దిగలేదు. ఆ రోజు చెత్తబండి రాలేదు. తడి చెత్త, పొడి చెత్త రెండూ కలిసి వాటంతటవే వీధి చుట్టూ తిరిగాయి.

నేను అడిగేది ఒక్కటే. ప్రతి వార్డులో వాన ఆగాక ఎన్ని గంటలకి నీళ్లు దిగాయో రాసి, వార్డు సచివాలయం గోడకి అంటించాలి. ఏటా ఆ గంటలు తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా అన్నదాన్ని బట్టే మున్సిపాలిటీకి మార్కులు. పెరుగుతున్న వార్డులో కొత్త లేఔట్‌కి అనుమతి ఆపాలి.

మన నేల బల్లపరుపు. ఇక్కడ ఎవరు ఏ తప్పు చేసినా చివరికి నీళ్లే చెబుతాయి. డ్రైన్ మీద మెట్లు కట్టినా, కల్వర్టు ఎత్తు తప్పినా, చెరువు పూడ్చినా, ప్లాస్టిక్ సంచి తూముకి అడ్డం పడినా, అన్నీ ఆ ఒక్క అంకెలోకి వస్తాయి. మీరేమంటారు?

సచివాలయం_చిన్నోడు:

అన్నా, ఫ్లెక్సీ మీద కోపం ర్యాంకు మీద చూపిస్తున్నారు. నేను వార్డు సచివాలయంలో పనిచేస్తాను. సర్వేక్షణ్ 2016లో మొదలైంది. అంతకుముందు మా వార్డులో ఇంటింటికీ బండి వెళ్లేది కాదు, కాలువ గట్టే డంపింగ్ యార్డు. పోటీ పెట్టాకే కదలిక వచ్చింది. ఇప్పుడు పొద్దున్న ఐదున్నరకి పెద్దాఫీసరు వార్డులో నిలబడితే అది ర్యాంకు టెన్షన్ వల్లే. టెన్షన్ ఉండనివ్వండి, మంచిదే.

ఇంకో మాట. అర్ధరాత్రి వానలో నిలబడి గంటలు రాసేది ఎవరు? మేమే కదా. ఫోన్లో ఇప్పటికే ఫొటోలు ఎక్కించాల్సిన యాప్‌లు ఎన్నో నాకే లెక్క తెలియదు.

కాకినాడ_కోడలు:

చిన్నోడి మాటలో న్యాయం ఉంది. కాకినాడ 2016 జనవరిలో మొదటి 20 స్మార్ట్ సిటీల్లో వచ్చిందంటే పోటీలో ప్లాన్ రాసి నెగ్గింది కాబట్టే. మార్కుల పద్ధతే లేకపోతే ఆ నిధులు వచ్చేవా?

కానీ నాకు అర్థం కానిది వేరే ఉంది. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్లు అని లెక్క చెబుతారు. ఆ భాగహారంలో కింద వేసే జనాభా ఎప్పటిది? చివరి జనగణన 2011ది. అప్పుడు భీమవరం సుమారు 1.42 లక్షలు, అమలాపురం 53 వేలు. ఆ తరవాత ఎన్ని అపార్టుమెంట్లు లేచాయో కళ్లతో చూస్తున్నాం. పాత తలలతో భాగిస్తే ఎవరికైనా మంచి మార్కులే వస్తాయి.

రిటైర్డ్_ఏఈ:

పల్లంవీధి గారూ, మీరు కొత్తగా కనిపెట్టానని అనుకుంటున్నది 2008 నుంచీ ఉందండి.

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ఆ ఏడాది సర్వీస్ లెవెల్ బెంచ్‌మార్కుల పుస్తకం ఇచ్చింది. మంచినీరు, మురుగు, చెత్త, వాననీరు, ఈ నాలుగు సేవలకి కలిపి 28 కొలతలు. వాననీటికి రెండే రెండు. రోడ్ల పొడవులో ఎంతమేర పక్కా డ్రైన్ ఉంది, లక్ష్యం 100 శాతం. ఏడాదిలో ఎన్నిసార్లు నీళ్లు నిలిచాయి, లక్ష్యం సున్నా. నిలవడం అంటే ఏమిటో కూడా రాశారు: 6 అంగుళాల లోతుకి మించి, 4 గంటలకి మించి. ఆ లెక్కన మీ వీధి ఒక్క వానకే ఫెయిలు.

13వ ఆర్థిక సంఘం కాలంలో, అంటే 2010 నుంచి 2015 దాకా, గ్రాంటులో కొంత భాగం రావాలంటే ఈ లక్ష్యాల్ని ఏటా ప్రకటించాలన్న షరతు ఉండేది. మార్చి వచ్చిందంటే మేం పట్టికలు నింపేవాళ్లం. ప్రతి అంకె పక్కనా అది ఎంత నమ్మకమైనదో చెప్పే గ్రేడు వేయాలి, ఏ నుంచి డీ వరకు. డీ అంటే ఉత్త అంచనా. డ్రైన్ పొడవు టేపు పెట్టి కొలిచేవాళ్లం, దానికి మంచి గ్రేడే. నీళ్లు నిలిచిన లెక్కకి ఏం రాసేవాళ్లం? కిందటేడాది రాసిందే. గ్రేడు డీ. ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆ పాపంలో నా సంతకం కూడా ఉంది.

అసలు చిక్కు ఇక్కడే. డ్రైన్ ఉండటం వేరు, డ్రైన్ లాగడం వేరు. బిల్లు అయ్యేది ఉన్నదానికి.

ప్లాట్లు_పొలాలు:

అందరూ లేఔట్ల మీద పడ్డారు కాబట్టి నేనూ వచ్చాను. అనుమతి తీసుకున్న లేఔట్‌లో 10 శాతం ఖాళీ స్థలం వదిలి మున్సిపాలిటీకి రాసిస్తాం. రోడ్లు వేస్తాం, డ్రైన్లు కడతాం. అనుమతి లేకుండా ప్లాట్లు అమ్మేసినవాడు ఏం చేస్తాడు? ఎల్‌ఆర్‌ఎస్, అంటే డబ్బు కట్టించుకుని అలాంటి లేఔట్లని క్రమబద్ధం చేసే పథకం, వచ్చేదాకా ఆగుతాడు. 2020 రూల్స్ ప్రకారం ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం కడితే సరిపోయేది. పార్కుకి బదులు చలానా అన్నమాట. మీ కొలత వాడి మీద పెట్టండి.

మెరక వెయ్యకుండా ఇల్లు కట్టమంటే ఎవడైనా కొంటాడా? రోడ్డుకన్నా రెండడుగులు పైకి లేపకపోతే బయానా కూడా ఇవ్వరు.

బోదెరైతు:

ప్లాట్లు గారూ, మీ డ్రైన్లు ఎక్కడ కలుపుతారు? ఆ ఒక్కటీ చెప్పండి చాలు.

నాకు టౌనుని ఆనుకుని ఎకరంన్నర ఉంది. పై పొలాలకి నీళ్లు తెచ్చే పంట బోదె ఒకటి, పొలంలో నీళ్లు తీసుకుపోయే మురుగు బోదె ఒకటి, రెండూ మా తాతల నాటివి. పై పొలం మెరక వేశారు. పంట బోదె పూడ్చేశారు, సరే, అక్కడ ఇక పంట లేదు కాబట్టి అనుకుందాం. మురుగు బోదె కూడా పూడ్చేశారు. లేఔట్ చివర సిమెంటు డ్రైన్ తెచ్చి నా గట్టు దగ్గర ఆపేశారు. ప్లాన్ కాగితంలో అక్కడ బాణం గుర్తు ఉంది. ఆ బాణం చూపించేది నా చేనునే.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అని చేలు ఖాళీగా వదిలేశారు, గుర్తుందా? ధర ఒక్కటే కాదు కారణం, మురుగు దిగకపోవడం కూడా. 1968లోనే డెల్టా రైతుల మీద డ్రైనేజీ సెస్సు వేయడానికి చట్టం చేశారు. మురుగు పోవాలని డబ్బు కట్టింది మేము, ఇప్పుడు టౌను మురుగు వస్తున్నదీ మా మీదకే.

పల్లంవీధి:

బోదెరైతు గారూ, అందుకే కదా లేఔట్ అనుమతిని ఆ గంటలతో ముడిపెట్టమన్నాను. మెరక వేసినవాడి వీధిలో నీళ్లు ఉండవు. పాత వీధుల్లోకి, పక్క చేలోకి వస్తాయి. అందుకే కొలవాల్సింది కొత్త లేఔట్‌లో కాదు, దాని పక్కన.

గట్టుమీద_గాలి:

ఏవండోయ్, ఇంకుడు గుంతల సంగతి ఎవరూ ఎత్తలేదేం? రాయలసీమకీ కోనసీమకీ ఒకటే రూలు. మా ఇంట్లో ఆరడుగులు తవ్వేసరికి గుంతలోంచే నీళ్లు పైకొచ్చాయి. ఇంకడం మాట అటుంచి కప్పలు కాపురం పెట్టాయి. అయినా ఫొటో తీసి ఎక్కించాం, పాస్ అయిపోయింది.

తీరం_టీచర్:

నవ్వొచ్చింది గానీ, గాలి గారూ, రూలు పూర్తిగా తీసెయ్యమనకండి. సముద్రం దగ్గర ఇసుక దిబ్బల మీద ఉన్న ఊళ్లలో లోపల ఉప్పునీరు, దాని మీద తేలుతూ పల్చటి మంచినీటి పొర. మోటార్లతో లాగేకొద్దీ ఉప్పు పైకొస్తుంది. అక్కడ వాన నీరు ఇంకితేనే బావి బతుకుతుంది. పది కిలోమీటర్లు లోపలికి వస్తే నల్లరేగడిలో అదే గుంత దోమల తొట్టి. ఒకే మండలంలోనే రెండు రకాల నేల ఉన్నప్పుడు రాష్ట్రమంతటికీ ఒకే టిక్కు పెట్టడం ఏమిటన్నది నా బాధ.

వేసవి మాట కూడా రాయాలి. కాలువలు కట్టేసే ముందు మంచినీళ్ల చెరువులు నిండాయా లేదా, తిరిగి కాలువ వదిలేదాకా ఆ నీళ్లు సరిపోయాయా లేదా. డెల్టా పట్టణానికి అది రెండో పరీక్ష. పల్లంవీధి గారి ఒక్క అంకెలో అది రాదు.

పల్లంవీధి:

ఒప్పుకుంటున్నా టీచర్ గారూ. "ఒక్క అంకె" అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. వానాకాలానికి ఒకటి, వేసవికి ఒకటి.

రిటైర్డ్_ఏఈ:

నాకు ఒక భయం ఉందండి. గంటల లెక్కన మార్కులు వేస్తే మున్సిపాలిటీ చేయగలిగిన పనికీ చేయలేని పనికీ తేడా చెరిగిపోతుంది. ఊరి డ్రైన్లన్నీ చివరికి పెద్ద డ్రెయిన్లో పడాలి. భీమవరం వైపు యనమదుర్రు, కోనసీమలో కౌశిక, కూనవరం. అవి జలవనరుల శాఖవి. వాటిలో గుర్రపుడెక్క పేరుకుని నీటిమట్టం ఊరి డ్రైన్ అడుగుకన్నా పైకి లేస్తే మన నీళ్లు పోవు సరికదా, ఎదురొస్తాయి. సముద్రం పోటు మీద ఉంటే మొత్తానికే లాగదు. అప్పుడు కమిషనర్‌ని సస్పెండ్ చేసినా నీళ్లు దిగవు.

మరి ఎవరు చూడాలి? మున్సిపాలిటీలకి రాజ్యాంగంలో చోటిచ్చిన 74వ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. 12వ షెడ్యూల్లో మున్సిపాలిటీకి ఇవ్వదగ్గ పనులు 18, మొదటిదే పట్టణ ప్రణాళిక. కానీ ఆ ప్రణాళిక మున్సిపల్ హద్దు దగ్గర ఆగుతుంది, నీళ్లు ఆగవు. అది తెలిసే రాజ్యాంగంలో 243-జెడ్‌డీ పెట్టారు. జిల్లా ప్రణాళికా సంఘం పంచాయతీల ప్లాన్లనీ మున్సిపాలిటీల ప్లాన్లనీ కలిపి చూడాలి. అందులో నీటి పంపకం అనే మాట కూడా ఉంది. బోదెరైతు గారి మురుగు బోదె తేలాల్సింది అక్కడ. దాన్ని వదిలేసి ఒక్క మున్సిపాలిటీకి మార్కులు వేస్తే, ఊరి నీళ్లు ఎలాగోలా హద్దు దాటించడమే పనితీరు అయిపోతుంది.

సచివాలయం_చిన్నోడు:

సార్, కేంద్రం పట్టణాలకిచ్చే అమృత్ పథకం రెండో విడతలో 50 వేల నుంచి లక్ష లోపు జనాభా ఉన్న పట్టణాలకి కూడా జీఐఎస్ మాస్టర్ ప్లాన్లు, అంటే కంప్యూటర్ మ్యాపుల మీద గీసే ఊరి ప్లాన్లు, అన్నారు కదా. ఆ మ్యాపులో ఈ బోదెలు వస్తాయా?

రిటైర్డ్_ఏఈ:

ఉపగ్రహం ఫొటోలో పూడ్చేసిన బోదె కనబడదు తమ్ముడూ. పాత గ్రామ పటం పక్కన పెట్టుకుని, ముసలి రైతుని వెంటబెట్టుకుని నడవాలి. ముసాయిదా ప్లాన్ మీద అభ్యంతరాలకి గడువు ఇస్తారు. ఆ గడువులో బోదె గురించి రాసివ్వడానికి వచ్చిన రైతుని నా సర్వీసులో ఒక్కరినీ చూడలేదు. ప్లాట్ల వాళ్లు మాత్రం మొదటి రోజే వచ్చేవారు.

ప్లాట్లు_పొలాలు:

నోటీసు మున్సిపల్ ఆఫీసు బోర్డుకి అంటిస్తారండి. మాకు అక్కడ రోజూ పనుంటుంది, రైతుకి ఏం పని? మమ్మల్ని తిట్టి లాభం లేదు.

బోదెరైతు:

ఇదొక్కటి నిజం చెప్పారు.

పల్లంవీధి:

సరే, మాటలు చాలు. మా వీధిలో మూడు కరెంటు స్తంభాలకి 6 అంగుళాల దగ్గర ఎర్ర రంగు గీత వేశాను. చిన్నోడు వార్డులో ఇంకో రెండు చోట్ల వేస్తానన్నాడు, ఆఫీసు పనిగా కాదు, సొంతంగా. వాన ఆగిన టైము, నీళ్లు గీత కిందకి దిగిన టైము, అంతే. ఈసారి వాన పడ్డాక ఇక్కడే రాస్తాం.

సచివాలయం_చిన్నోడు:

నిన్న రాత్రి వాన 9:40కి ఆగింది. కొత్త లేఔట్ రోడ్డు మీద గీతదాకా నీళ్లు రానేలేదు. పల్లంవీధిలో పొద్దున్న 6:15కి దిగాయి. ఎనిమిదిన్నర గంటలు. కిందటిసారి కన్నా చాలా నయం. మొన్న తూములో పూడిక తీయించారు, దాని ఫలితమే అనుకుంటున్నా.

పల్లంవీధి:

చూశారా! తూము ఒక్కటి తీస్తే ఇంత తేడా.

బోదెరైతు:

తెల్లవారుజామున నాలుగింటికి చేలోకి వెళ్లాను. అప్పటికి గట్టుకి జానెడు తక్కువగా ఉంది. ఆరున్నరకి గట్టు మునిగింది. వాన మాత్రం రాత్రే ఆగిపోయిందని మీరే రాశారు. నాట్లు వేసి పన్నెండు రోజులు.

చిన్నోడా, ఆ ఎర్ర రంగు డబ్బాలో ఇంకా మిగిలిందా? మా మోటారు షెడ్డు గోడకి ఒక గీత వెయ్యాలి.