అప్‌డేట్: క్రైస్ట్‌చర్చ్‌లో ఉన్న అక్క దొరికింది

న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో 2011 ఫిబ్రవరి 22న వచ్చిన భూకంపం తర్వాత, సిడ్నీలో నాతో ఒకే ఇంట్లో ఉండే ఐర్లండ్ అమ్మాయి అక్కడున్న వాళ్ళక్క ఫోన్ కలవడం లేదు, ఎలా వెతకాలని ఇంతకుముందు అడిగాను కదా, ఆమె క్షేమంగా ఉంది. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. పనిచేసింది గూగుల్ పర్సన్ ఫైండర్, అంటే విపత్తుల్లో ఆచూకీ తెలియని వాళ్ళ పేర్లు పెడితే, తెలిసినవాళ్ళు సమాచారం రాసే వెబ్‌సైట్. అందులో అక్క పేరు పెట్టాం, రెండో రోజు రాత్రి ఆమె పక్కింటావిడ కొడుకు ఆక్లండ్ నుంచి చూసి, "మా అమ్మతోనే ఉంది, దెబ్బలేం తగల్లేదు" అని రాశాడు. ఊళ్ళో చాలాచోట్ల కరెంటు లేదు, ఆమె ఫోన్లో ఛార్జింగ్ అయిపోయింది, అంతే. ఆసుపత్రులకి ఫోన్లు చేస్తే ఏమీ తేలలేదు. మళ్ళీ మళ్ళీ కాల్ చేయకండి, లైన్లు నిండిపోయి ఉంటాయి, ఒక మెసేజ్ పెట్టి ఉంచండి, ఛార్జింగ్ ఎక్కగానే మాది చేరింది. ఐర్లండ్‌లో, కార్క్‌లో ఉన్న వాళ్ళమ్మకి చెప్పినప్పుడు ఇద్దరికీ చాలాసేపు మాట రాలేదు.