మావయ్యకి ఇంటర్నెట్ రేడియో: విడిగా సెట్టు కొనాలా, ఫోను చాలా?

లంక_మేనల్లుడు:
అందరికీ నమస్కారమండి. మాది రాజోలు పక్కన లంక గ్రామం. మా మేనమామకి నీటికాసుల వల్ల రెండు కళ్ళూ పోయాయి. పగలా రాత్రా అన్నంతవరకే తెలుస్తుంది. వయసు 68. రేడియో అంటే ప్రాణం. కువైట్‌లో డ్రైవరుగా ఉన్నన్నాళ్ళూ షార్ట్‌వేవ్ తిప్పిన మనిషి, ఇప్పటికీ పొద్దున్నే విజయవాడ నుంచి ప్రాంతీయ వార్తలు పడకపోతే కాఫీ ముట్టడు.

గొడవ ఎక్కడొచ్చిందంటే, మా చుట్టూ వరి పోయి రొయ్యల చెరువులొచ్చేశాయి. చెరువు నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల మోటార్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు అన్నీ కలిసి మీడియంవేవ్‌ని చంపేశాయి. ఆకాశవాణి విజయవాడ వచ్చే 837 దగ్గర ముల్లు పెడితే బుర్రుమనే మోత అడుగున ఎవరో మాట్లాడుతున్నట్టుంటుంది, అంతే.

అమెరికాలో ఉన్న బావ, అంటే మావయ్య కొడుకు, వైఫై రేడియో సెట్టు పంపుతానంటున్నాడు. మా తమ్ముడేమో ఫోనులో టాక్‌బ్యాక్ (తెర మీదున్నది చదివి వినిపించేది) వేసి ఒక యాప్ పెట్టేస్తే పోయేదానికి డబ్బు తగలెయ్యడం దేనికంటాడు. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. వాడి చూసినవాళ్ళు చెప్పండి. వినేది ఆయనే గాని పాడైనప్పుడు తిట్లు తినేది నేను.

హైదరాబాద్_గోదారోడు:
మీ తమ్ముడిదే రైటండి. విడి సెట్టులో ఉన్నదల్లా చిన్న కంప్యూటరు, వైఫై, స్పీకరు. ఫోనులో ఇవన్నీ ఉన్నాయి, పైగా అది మాట్లాడుతుంది. గూగుల్ గొంతులో తెలుగు ఉంది. రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే టాక్‌బ్యాక్ వస్తుంది, అలాగే పోతుంది. కొత్త ఫోన్లలో రెండు వేళ్ళతో రెండుసార్లు టకటకా తడితే పాట ఆగుతుంది, మళ్ళీ తడితే మొదలవుతుంది.

డేటా భయం వద్దు. 64 కేబీపీఎస్ స్ట్రీము గంటకి 29 ఎంబీ, 128 అయితే 58 ఎంబీ. ఎక్కువ రకంలోనే రోజుకి 8 గంటలు విన్నా 1.5 జీబీ ప్యాకులో మూడో వంతు అవదు.

నిడదవోలు_శ్రోత:
నాకు పుట్టుకతోనే చూపు లేదు. సంగీతం చెప్పుకుని బతికేవాణ్ణి. ఈ ముక్కలు కూడా ఫోనులోనే, టాక్‌బ్యాక్‌తోనే రాస్తున్నాను. కాబట్టి ఫోనంటే భయపడి మాట్లాడుతున్నానని అనుకోకండి.

హైదరాబాద్ బాబుకి ఒక మాట. ఇరవై ఏళ్ళప్పుడు నేర్చుకున్నవాడి వేలు వేరు, 68లో చూపు పోయినాయన వేలు వేరు. ఆయన చేతికి నున్నటి అద్దం ఇచ్చి కుడికి తోయి, ఎడమకి తోయి, రెండుసార్లు తట్టు అంటే, వార్తలు అయిపోయేసరికి యాప్ తెరుచుకుంటుంది. మధ్యలో ఎవరో ఫోన్ చేస్తారు, వాట్సాప్ టింగుమంటుంది. గట్టి బటన్ ఉండాలి. నొక్కితే నొక్కానని వేలికి తెలియాలి.

కానీ బటన్ల కంటే పెద్ద తిరకాసు ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. పాత రేడియో మోగకపోయినా ఏదో ఒకటి చెబుతుంది. గుస్స్ అంటోందంటే సెట్టు బాగానే ఉంది, స్టేషన్ పోయింది. గొంతు బొంగురుపోయిందంటే సెల్స్ అయిపోతున్నాయి. చప్పుడే లేదంటే సెల్స్ లేవు, లేదా వైరు ఊడింది. ఇంటర్నెట్ రేడియో ఆగిందంటే ఉత్త నిశ్శబ్దం. వైఫై పోయిందా, స్టేషన్ మూసేశారా, బఫరింగా, కరెంటు పోయిందా, అసలు నేను ఆన్ చేశానా? జవాబంతా ఆ చిన్న తెర మీద రాసి ఉంటుంది. మేం ఏం చదువుతాం? అందుకని సెట్టు కొనేటప్పుడు నేను పాట బాగుందా అని వినను. పాట వస్తుండగా రూటర్ స్విచ్చి తీసెయ్యమంటాను. అప్పుడు నోరు విప్పి చెప్పిందా, సరే. చెప్పలేదా, డబ్బాలో పెట్టి వెనక్కి ఇచ్చెయ్యండి.

యానాం_చందు:
మాస్టారూ, ఆ పరీక్ష మా ఇంట్లో మనుషులకి పెట్టినా ఎవరూ పాసవ్వరు.

భీమవరం_రిపేరు:
మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. రేడియోలు విప్పడమే నా బతుకు గనక సెట్ల సంగతి నేను చెబుతాను.

బయట దొరికే వైఫై సెట్లలో చాలావాటికి ఒకటే గుండ్రటి నాబ్, ఒక తెర. అన్నీ మెనూలే. మాట్లాడవు. వైఫై పాస్‌వర్డ్ కొట్టాలంటే ఆ నాబ్ తిప్పుతూ ఒక్కో అక్షరం ఏరుకోవాలి, కళ్ళున్నవాడికే విసుగు. రూటర్‌కి డబ్ల్యూపీఎస్ బటన్ ఉంటే ఆ బాధ తప్పుతుంది: రూటర్‌లో అది నొక్కి సెట్టులోనూ ఓకే చేస్తే పాస్‌వర్డ్ లేకుండా కలిసిపోతుంది. ఇంకోటి, పాత సెట్లు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పట్టుకుంటాయి. రూటర్‌లో 5 ఒక్కటే ఆన్ చేసి పెట్టి సెట్టు పాడైందని నా దగ్గరికి తెచ్చినవాళ్ళున్నారు.

ఇక అసలు ముప్పు. సెట్టు మన ఇంట్లో ఉంటుంది గాని స్టేషన్ల చిట్టా ఎక్కడో కంపెనీ సర్వరులో ఉంటుంది. రెసీవా అనే సర్వీసు 2021లో మూతపడింది. దాన్ని నమ్ముకుని చేసిన సెట్లు పేరున్న కంపెనీలవి కూడా మూగబోయాయి. 2019లో ఫ్రాంటియర్ కంపెనీ చిప్పు సెట్లు వీట్యూనర్ అనే చిట్టా నుంచి ఎయిరబుల్ అనే ఇంకో చిట్టాకి మారితే దాచుకున్న ఫేవరెట్లు మళ్ళీ పెట్టుకోవాల్సొచ్చింది. 2023లో బీబీసీ పాత రకం ఎంపీత్రీ స్ట్రీములు ఆపేస్తే బోలెడు సెట్లకి బీబీసీ దక్కలేదు. రేడియోలో ఒక్క రెసిస్టరు కూడా కాలలేదు చూడండి, అయినా పనికిరాకుండా పోయింది. నేనేం రిపేరు చెయ్యను?

హైదరాబాద్_గోదారోడు:
నేనన్నదీ అదేగా. ఫోనులో అయితే ఒక యాప్ పోతే ఇంకోటి. రేడియో బ్రౌజర్ అని జనమే నడుపుకునే ఉచిత చిట్టా ఉంది, దాని మీద నడిచే యాప్‌లు బోలెడు. స్టేషన్ లింకు తెలిస్తే వీఎల్‌సీ అనే ప్లేయర్ యాప్‌లో పేస్టు చేసినా చాలు.

తణుకు_కోడలు:
మగవాళ్ళందరూ యంత్రాల గురించి మాట్లాడుతున్నారు, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా అత్తగారికి చూపు పూర్తిగా తగ్గింది. ఆవిడ ఫోనులోనే వింటారు. హాయిగా. కాకపోతే దాని వెనక నా చాకిరీ ఉంది.

మొదట పెట్టిన యాప్‌లో వేలు పెట్టిన చోటల్లా "బటన్, బటన్" అనేది తప్ప ఏ బటనో చెప్పేది కాదు. చేసినవాళ్ళు బటన్లకి పేర్లు రాయలేదన్నమాట. టాక్‌బ్యాక్ మెనూలో మనమే లేబుల్ పెట్టుకోవచ్చు, పెట్టాను. తర్వాత అప్‌డేట్ వచ్చి బటన్ల చోట్లు మారిపోయాయి. ఆ యాప్ తీసి అవతల పారేసి పేర్లు సరిగ్గా చదివేది వెతికాం. ఇంకో చిక్కు, తెర ఆరిన కాసేపటికి రేడియో ఆగిపోయేది. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ అన్‌రిస్ట్రిక్టెడ్ అని మార్చాక ఆ బాధ పోయింది. టాక్‌బ్యాక్ గొంతు పాట మీద అరుస్తుంటే అది మాట్లాడుతుండగానే వాల్యూమ్ తగ్గించండి, దాని వాల్యూమ్ వేరు, పాటది వేరు.

పైన గరుకు బటన్లున్న బ్లూటూత్ స్పీకరు కొన్నాం. ఆపడం, మొదలెట్టడం దాని మీదే. ఆవిడకి ఫోను ముట్టుకునే పనే లేదు.

నిడదవోలు_శ్రోత:
అమ్మా, మీరున్నారు కాబట్టి నడుస్తోంది. మీరు పుట్టింటికెళ్ళిన వారం?

తణుకు_కోడలు:
మా ఆడపడుచు కొడుక్కి నేర్పాను మాస్టారూ. పదో తరగతి కుర్రాడు. మీరన్న నిశ్శబ్దం మాత్రం నిజమే, స్పీకరు ఊరుకుందంటే అత్తగారు "ఏమైందే" అని కేకేస్తారు.

హైదరాబాద్_గోదారోడు:
మరి స్మార్ట్ స్పీకరు పెట్టొచ్చుగా? అది అడిగితే చెబుతుంది, నెట్ లేకపోతే లేదని కూడా అంటుంది.

భీమవరం_రిపేరు:
అమెజాన్ స్మార్ట్ స్పీకరులో మాట్లాడే అలెక్సాకి ఇంగ్లీషు, హిందీ కావాలి, తెలుగులో అడిగితే వినదు. కువైట్‌లో ఉండొచ్చిన మావయ్యకి హిందీ వచ్చే ఉంటుంది, ఆయనకైతే పనికొస్తుందేమో. మా ఆవిడకి పెడితే మాత్రం రెండో రోజు బయట పారేస్తుంది.

నిడదవోలు_శ్రోత:
తణుకు అమ్మాయి చెప్పిన పేర్లు లేని బటన్ల గురించి ఒక్క మాట. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 42వ సెక్షన్ ఉంది, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో ఉన్నది మాకు అందుబాటులో ఉండాలని. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సౌకర్యాలు అందడం జీవించే హక్కులో భాగమేనని తీర్పిచ్చింది. యాప్ చేసేవాడికి బటన్‌కి పేరు రాయడం నిమిషం పని. మనం లేబుళ్ళు అతికించుకుంటూ కూర్చుంటే వాడికెప్పుడు తెలుస్తుంది? స్టోరులో రివ్యూ రాయండి, మెయిలు కొట్టండి. నేను రాస్తూనే ఉంటాను. ఇద్దరు ముగ్గురు సరిచేశారు కూడా.

ఇంగ్లండులో బ్రిటిష్ వైర్‌లెస్ ఫర్ ది బ్లైండ్ ఫండ్ అని ఒక సంస్థ అక్కడ చూపు లేని బీదవాళ్ళకి గట్టి బటన్ల రేడియోలు అరువిస్తుంది. మనకి కోడళ్ళూ మేనల్లుళ్ళే ఆ ఫండు.

లంక_మేనల్లుడు:
ఆయ్, అందరికీ దండాలండి. ఆగలేక రావులపాలెంలో తెలిసినవాళ్ళ దగ్గర వైఫై సెట్టు ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టి చూశాను. రెండు చిక్కులు. విదేశీ స్టేషన్లు గంటలకొద్దీ పాడుతోంది గాని ఆకాశవాణి లింకు ఎక్కిస్తే నోరు తెరవదు. రెండోది, కరెంటు పోయి వచ్చాక దానంతటది మొదలవ్వదు, గడియారం చూపిస్తూ కూర్చుంటుంది. మాస్టారు చెప్పిన రూటర్ పరీక్ష కూడా పెట్టాను. కిక్కురుమనలేదు.

భీమవరం_రిపేరు:
మొదటి చిక్కుకి ముందు ఈ పని చెయ్యండి. అదే లింకు ఫోనులో వీఎల్‌సీకి ఇవ్వండి. అక్కడ మోగితే స్టేషన్ బాగున్నట్టు, తప్పు సెట్టుది. ఆకాశవాణి స్ట్రీములు హెచ్‌ఎల్‌ఎస్ రకం, లింకు చివర ఎం3యు8 అని ఉంటుంది. పాటని చిన్న చిన్న ముక్కలుగా పంపిస్తారు. పాత సెట్లకి ఆ ముక్కలు అతికించుకోవడం రాదు, ఎడతెగకుండా వచ్చే ఎంపీత్రీ ధార ఒక్కటే తెలుసు. ఇంకొన్నిటికి లింకు హెచ్‌టీటీపీఎస్ (తాళం వేసిన రకం) అయితే అరగదు. దానికి మందు లేదు. మీ బావకి చెప్పండి, పంపేముందు ఆ సెట్టు హెచ్‌ఎల్‌ఎస్ పాడుతుందో లేదో కనుక్కోమని. అమెరికా స్టేషన్లు వినిపించి మురిసిపోతే కుదరదు, మావయ్యకి కావలసింది విజయవాడ.

రెండో చిక్కు సెట్టు రకాన్ని బట్టి. రూటర్‌కి మాత్రం 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకోండి. మన వైపు కరెంటు పోయి వచ్చాక రూటర్ లేచి నెట్ అందుకునేసరికి రేడియో వెతికి వెతికి వదిలేస్తుంది.

హైదరాబాద్_గోదారోడు:
ఇంక తేలిపోయిందిగా. ఫోనే.

నిడదవోలు_శ్రోత:
ఏం తేలలేదు. సెట్టు పనికిరాదని తేలితే ఫోను పనికొస్తుందని తేలినట్టా? ఆయన చేతికి నాబ్ కావాలి, చెవికి సమాధానం కావాలి. రెండూ ఇవ్వలేనిది ఏదైనా ఒకటే నాకు. పాత మీడియంవేవ్ సెట్టుని మాత్రం అటక ఎక్కించకండి. 1996 నవంబరు 6 తుఫాను రాత్రి మా ఇంట్లో సెల్స్ రేడియో తప్ప ఇంకేదీ పలకలేదు. కరెంటు పోతే ఏరేటర్ల మోతా పోతుంది, విజయవాడ మళ్ళీ వినపడుతుంది.

భీమవరం_రిపేరు:
మాస్టారు పాత సెట్టంటే గుర్తొచ్చింది. మేనల్లుడు గారూ, మీ మావయ్య పాత రేడియో సెల్స్‌తో నడిచేదా? అయితే నేను ఒక పని చేసిపెట్టగలను. దాని వాల్యూమ్ కంట్రోల్ దగ్గర చిన్న స్విచ్చి, మధ్యలో కెపాసిటర్ వేసి ఆక్స్ పిన్ను, అంటే ఫోను హెడ్‌ఫోన్ కన్నంలో గుచ్చేది, బయటికి లాగుతాను. ఇంట్లో పడున్న ఫోను ఒకటి దానికి తగిలించి స్టేషన్ పెట్టి వదిలెయ్యండి. ఆన్ ఆఫ్, వాల్యూమ్ అంతా ఆయనకి అలవాటైన నాబే. నెట్ ఆగిపోయి నిశ్శబ్దమైతే స్విచ్చి మీడియంవేవ్ వైపు నొక్కుతారు. బుర్రుమందంటే సెట్టు బతికే ఉంది, పోయింది నెట్టు. చప్పుడు లేదంటే సెల్స్.

కరెంటు మీద నడిచే మరీ పాత సెట్టయితే మాత్రం ఎవర్నీ వేలు పెట్టనివ్వకండి. వాటిలో కొన్నిటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, లోపలి ఇనప చట్రానికే (ఛాసిస్‌కే) కరెంటు తగులుతుంది. దానికి ఫోను తగిలిస్తే మనిషికే ప్రమాదం.

హైదరాబాద్_గోదారోడు:
ఐడియా బాగుంది గాని ఫోను రాత్రింబగళ్ళు ఛార్జింగ్‌లో ఉంటే బ్యాటరీ ఉబ్బుతుంది. 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉన్న ఫోను అయితేనే పెట్టండి. లేదంటే ప్లగ్గుకి టైమర్ పెట్టండి. సిమ్ తీసెయ్యండి, వైఫై చాలు, ఫోన్లు రావు. ఇదీ ఫోనేనని మాస్టారు ఒప్పుకోరనుకోండి.

నిడదవోలు_శ్రోత:
ఆయన చేతికి తగలనంతవరకు అది ఫోను కాదు.

ఆ స్విచ్చి ఎటు నొక్కితే ఏదో వేలికి తెలిసేలా ఒక వైపు నెయిల్ పాలిష్ బొట్టు పెట్టించండి. ఆరితే గట్టిపడి గుచ్చుకుంటుంది.

లంక_మేనల్లుడు:
సెల్స్ సెట్టేనండి, నాలుగు పెద్ద సెల్స్ పడతాయి. బావకి సెట్టు కొనొద్దని ఇప్పుడే చెప్పాను, అలిగాడు. భీమవరం అన్నగారూ, షాపు ఎక్కడో కాస్త చెబుతారా? మావయ్య ససేమిరా సెట్టు వదిలి ఉండనంటున్నాడు, పొద్దున్న వార్తలయ్యాక తెచ్చి సాయంత్రానికి తీసుకెళ్ళిపోవాలి.

భీమవరం_రిపేరు:
విడిగా మెసేజ్ పెడతాను. మావయ్యగారిని కూడా తీసుకురండి, స్విచ్చి ఎక్కడ పెట్టాలో ఆయన చెయ్యి పెట్టి చూపిస్తే అక్కడే కన్నం వేస్తాను. ఆక్స్ వైరు నా దగ్గర ఉంది, కొనకండి. ఫోనుకి మాత్రం హెడ్‌ఫోన్ కన్నం ఉందో లేదో చూసి తెండి.