గోడౌన్‌లోనే లేబుల్, గిఫ్ట్ ప్యాకింగ్ చేయించేవాళ్లు కాస్త సలహా ఇవ్వండి

నమస్కారమండీ. మాది విశాఖ, మధురవాడ. ఏటికొప్పాక లక్క బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతాం. స్టాకు గాజువాక దగ్గర ఒక గోడౌన్‌లో ఉంటుంది. ధర స్టిక్కర్లు, బొమ్మలు కలిపి సెట్టు కట్టడం, గిఫ్ట్ ప్యాకింగ్, వాపసు వచ్చినవి చూసి వేరు చేయడం కూడా వాళ్లే చేస్తారు, పీసుకింత అని.

పోయిన నెల స్టిక్కర్లు పెట్టె మీద కాకుండా బొమ్మల మీదే అంటించారు. పీకితే లక్క మెరుపు పోయింది. అంకుడు కర్రతో అంత ఓపికగా చేసిన బొమ్మలవి, చూస్తే ప్రాణం ఉసూరుమంది. పైగా ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ, చిరునామా, నెల తప్పు పడితే మా మెడకే చుట్టుకుంటుందేమోనని టెన్షన్.

ఒప్పందంలో మీరేం రాయించుకున్నారు? పాడైన సరుకు ఖర్చు ఎవరు భరించారు? ముందు ఒక నమూనా మనకు చూపించాకే మిగతావి చేయాలంటే ఒప్పుకుంటారా?