అప్‌డేట్: విజయనగరంలో పిల్లల పార్కు పెడతానన్నాను కదా

కోరుకొండ రోడ్డు వైపు స్థలం లీజుకు తీసుకుని బొమ్మ రైలు, చిన్న జెయింట్ వీల్‌తో పార్కు పెట్టొచ్చా అని అడిగాను. అటువైపే ఉన్న రామాయణం థీమ్ పార్కు, రామనారాయణం చూడ్డానికి వచ్చేవాళ్లు మన దగ్గరా ఆగుతారని నా లెక్క. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్. పార్కు వస్తోంది, జెయింట్ వీల్ మాత్రం లేదు.

కారణం వాన. మన ఊళ్లో జనం రోడ్డెక్కేది దసరా, సిరిమానోత్సవం రోజుల్లో. తుపాన్లూ అప్పుడే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే వచ్చాయి. ఆరుబయట ఇనుప రైడ్ పెట్టి ఆకాశం కేసి చూస్తూ కూర్చునే టెన్షన్ నాకొద్దు. పైగా పండక్కి ఎగ్జిబిషన్ వాళ్లు ఎలాగూ పెద్ద వీల్ తెస్తారు.

అందుకే మా పెదనాన్నగారి పాత గోడౌన్ తీసుకున్నాం. లోపల మెత్తటి మ్యాట్లు, జారుడుబల్లలు, ట్రాంపొలిన్, బాల్ పూల్. బయట పెద్దవాళ్లకి టీ, పునుగులు. అసలు లాభం ఆ టీ కొట్టులోనే అంటోంది మా ఆవిడ. అనుమానం నాకూ ఉంది.

జీఎస్టీ 28 శాతమని ఒకరు భయపెట్టారు. అది పాత రేటు. అమ్యూజ్‌మెంట్ పార్కుల టికెట్ మీద 2018 జనవరిలోనే 18కి తగ్గించారు. ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటకపోతే మనలాంటి వాళ్లకి రిజిస్ట్రేషనే అక్కర్లేదు. కాకపోతే టీ, పునుగుల అమ్మకాలూ అందులోనే కలుస్తాయి, చూసుకోండి.

ప్రస్తుతం గోడౌన్‌కి వెనకవైపు రెండో తలుపు పెట్టిస్తున్నాం, పిల్లలుండే చోటు కదా. గంటకి టికెట్ వందా, నూట యాభయ్యా అన్నది మా బావమరిదితో ఇంకా తేలలేదు.