మా కొండకి టూరిస్టులు ఎగబడుతున్నారు: ముందు ఏం కట్టాలి, డబ్బు ఎక్కడ అడగాలి?

కొండగాలి:
అందరికీ నమస్కారం. మాది పాడేరు వైపు చిన్న ఊరు, పేరు మాత్రం రాయను, రాస్తే వచ్చే ఆదివారానికి ఇంకో యాభై కార్లు దిగుతాయి. వంజంగి మేఘాల కొండ ఫేమస్ అయ్యాక అక్కడి రద్దీ పడనివాళ్లు చుట్టుపక్కల కొండలన్నీ వెతుక్కుంటూ చివరికి మా మీద పడ్డారు. నవంబరు నుంచి జనవరి దాకా శని, ఆదివారాల్లో తెల్లవారుజామున మూడింటికే బళ్లు వచ్చేస్తాయి. రోడ్డు ఎక్కడ ఆగితే అక్కడ, అంటే రాజ్‌మా చేను గట్టు మీదే, కారు పెట్టేసి ఫోన్ లైటుతో ఎక్కేస్తారు. వెళ్లేటప్పుడు వలిసె పూల చేలోకి దిగి ఫొటోలు. తొక్కేసిన చేనుకి డబ్బులెవరిస్తారు అని అడిగితే ఒకాయన ఇరవై రూపాయలు తీసి చేతిలో పెట్టాడు.

కొండ మీద ఏమీ లేదు. అలా ఉండటమే బాగుంది అంటారు వచ్చేవాళ్లు, మాకూ అలాగే ఉంచాలని ఉంది. కానీ ఏమీ లేదంటే మరుగుదొడ్డి కూడా లేదు కదా. ఆడవాళ్లు కాఫీ తోటలోకి వెళ్తున్నారు, ఆ తోట కిందే మా ఊరికి గ్రావిటీ పైపులో నీళ్లొచ్చే ఊట ఉంది. నా టెన్షన్ అదే.

పోయిన సీజన్లో ఊళ్లో అందరం కూర్చుని కారుకి 50, బైకుకి 20 పార్కింగ్ పెట్టాం. ఖర్చులు పోను లక్షా ఎనభై వేలు మిగిలింది. ఇప్పుడు ఆ డబ్బుతో ఏం చేయాలని గొడవ. కుర్రాళ్లు ఆర్చీ కట్టాలి, తీగకి వేలాడి జారే జిప్‌లైన్ పెట్టాలి అంటారు. పెద్దాళ్లు అసలు గేటు వేసి తాళం పెట్టేద్దాం అంటారు. మధ్యలో సిటీ నుంచి ఒకాయన వచ్చి పదేళ్లకి లీజుకివ్వండి, టెంట్లు వేసుకుంటాం, ఏడాదికి మూడు లక్షలిస్తాం అన్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి, ముందు ఏం చేయాలి, మిగతా డబ్బు ఎవరిని అడగాలి?

రిటైర్డ్ ఏఈ:
తమ్ముడూ, డబ్బు సంగతి తర్వాత, ముందు ఆ కొండ ఎవరిదో చెప్పు. రిజర్వు ఫారెస్టా, రెవెన్యూ పోరంబోకా, పట్టాలున్నాయా? దాన్నిబట్టే మిగతావన్నీ.

లీజు మాట మాత్రం ఈ రోజే తెంచేయండి. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతికి భూమి వెళ్లకుండా 1970 నాటి 1/70 చట్టం ఉంది. ప్రభుత్వ భూమైనా ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడం కుదరదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ఊళ్లో ఎవరో ఒకరి పేరు మీద కాగితం రాయించుకుని వెనక నుంచి నడిపిద్దాం అంటాడు, చూస్తూ ఉండు. ఆ కాగితం మీద వేలిముద్ర వేసినవాడే చివరికి ఇరుక్కుంటాడు.

ఒకవేళ ఫారెస్టు అయితే ఇంకో చిక్కు. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2)లో గ్రామసభ సిఫారసు మీద హెక్టారు లోపు భూమి తీసుకోగలిగే పనులు 13 ఉన్నాయి. రోడ్డు, తాగునీటి పైపులు, బడి, కమ్యూనిటీ సెంటర్ లాంటివి. టూరిజం అందులో లేదు. వ్యూ పాయింట్ అని రాసుకుని వెళ్తే వెనక్కి పంపుతారు. అటవీ సంరక్షణ చట్టానికి 2023లో చేసిన సవరణ తర్వాత అడవిలో ఎకో టూరిజం వసతులకి వీలుంది గానీ, అవి ఆ డివిజన్ వర్కింగ్ ప్లాన్‌లో, అంటే అటవీ శాఖ రాసుకునే నిర్వహణ ప్రణాళికలో ఉండాలి. అంటే అటవీ డివిజన్ అధికారి డీఎఫ్ఓ దగ్గరికి వెళ్లాల్సిందే.

వైజాగ్ ట్రెక్కర్:
ఎక్కేవాడి వైపు నుంచి చెప్తా. జిప్‌లైన్ కోసం మేం అంత దూరం రాం బ్రో, అది సిటీలోనే దొరుకుతుంది. మీ దగ్గరికి వచ్చేది చీకట్లో ఎక్కి పొగమంచులో కూర్చోడానికి. పైన లైట్లు పెట్టారా, స్పీకర్ పెట్టారా, ఇంక రాను. కింద మాత్రం శుభ్రమైన టాయిలెట్, కారు పెట్టుకునే చోటు, దారి తప్పకుండా రాళ్ల మీద రంగు బాణాలు ఉంటే చాలు. దీనికి 50 కాదు, కారుకి 200 అడిగినా ఇస్తాం. మనిషికి 30 టికెట్ కూడా పెట్టండి, ఎవరూ ఏడవరు.

ఒక్కటి మాత్రం చేయండి, దారి ఒక్కటే ఉంచండి. అందరూ తలో అడ్డదారీ తొక్కితే ఒక్క వానాకాలానికి ఆ బాటలన్నీ వాగులైపోతాయి. తొక్కిన చోట గడ్డి పోతుంది, గడ్డి పోయిన చోట మట్టి కొట్టుకుపోతుంది. అడ్డదారుల మొదట్లో ముళ్లకంప వేస్తే సగం మంది ఆగుతారు.

కొండగాలి:
ఏఈ గారూ, పైభాగం రిజర్వు ఫారెస్టే. కింద కాఫీ తోటలు, చేలు పట్టాలు. రోడ్డు చివర ఎకరం లోపు ఊరి ఉమ్మడి జాగా ఉంది, సంత గొడవలప్పుడు సర్వే కూడా చేయించాం. లీజు ఆయనకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాం, మీరన్నట్టే వేరే పేరు మీద రాసుకుందాం అన్నాడు!

రిటైర్డ్ ఏఈ:
అయితే బతికిపోయారు. కట్టేదేదైనా ఆ ఎకరంలోనే కట్టండి, పైన ఒక్క ఇటుక కూడా పెట్టొద్దు. అనుమతుల గోల సగం అక్కడే తీరిపోతుంది. పై దారి బాగుచేసే పని, గుర్తులు పెట్టే పని మాత్రం ఫారెస్టు వాళ్ల చేత రాతపూర్వకంగా ఒప్పించుకోండి. కాఫీ తోటల మీదుగా వెళ్లే ముక్కకి ఆ పట్టాదారుల మాట కూడా కావాలి.

మరుగుదొడ్లకి లెక్క చెప్తా. వారాంతంలో రోజుకి 300 మంది అనుకో, రెండు రోజులు, పన్నెండు వారాలు, 7,200 వాడకాలు. ఐదుగురున్న కుటుంబం ఏడాదికి వాడేది 1,800 పైచిలుకు. అంటే మీ సీజన్ మొత్తం కలిపినా నాలుగు కుటుంబాల ఏడాది వాడకమే. పెద్ద సెప్టిక్ ట్యాంకు అక్కర్లేదు, రెండు గుంతల మరుగుదొడ్లు ఆరు కడితే గుంతలకి ఇబ్బంది లేదు. ఒక గుంత నిండాక రెండోదానికి మళ్లించి, మొదటిది ఏడాదిన్నర, రెండేళ్లు వదిలేస్తే ఎరువు అవుతుంది. అసలు కష్టం గుంతలది కాదు, పొద్దున్న ఎనిమిదింటికి అందరూ ఒకేసారి దిగుతారు కదా, అప్పటి నీళ్లది. ముందు రోజే ట్యాంకు నింపి పెట్టుకోవాలి.

గుంతలు ఊటకి దిగువనే ఉండాలి. బావికి పది మీటర్ల దూరం అనే లెక్క మైదానంలో చెప్పుకునేది. కొండలో నీళ్లు రాతి పగుళ్ల వెంట ఎటు పోతాయో పైనుంచి చూస్తే తెలియదు. ఊటకి పైన అయితే వంద మీటర్ల దూరంలోనైనా నేను ఒప్పుకోను.

లెక్కల టీచరమ్మ:
పదేళ్లకి పైగా ఒక స్వచ్ఛంద సంస్థలో లెక్కలు రాశాను, అందుకని డబ్బు సంగతి నేను చెప్తాను. బాబూ, కట్టడానికి డబ్బిచ్చేవాళ్లు దొరుకుతారు, తుడవడానికి ఇచ్చేవాడు ఎవడూ ఉండడు. ప్రారంభోత్సవం అయిన ఆరు నెలలకి తలుపు ఊడిపోయి, కుళాయి విరిగి, లోపల మేకలు కట్టేసిన మరుగుదొడ్లు మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు. కాబట్టి మీ లక్షా ఎనభై వేలు ఇటుకల్లో పెట్టకండి. అది తుడిచే డబ్బు. నలుగురికి రోజుకి 400 చొప్పున సీజన్లో పాతిక రోజులకి 40 వేలు, చెత్త పాడేరుకి చేర్చే ఆటోకి ట్రిప్పుకి 1,500 అనుకుంటే పన్నెండు వారాలకి 18 వేలు. సబ్బులు, ఫినాయిలు, రిపేర్లు కలిపినా లక్ష దాటదు. అంటే ఒక సీజన్ గ్యారంటీగా నడుస్తుంది, రెండో సీజన్ టికెట్ల మీద నడుస్తుంది. అడిగినవాళ్లకి ఈ కాగితం చూపించండి, ఆర్చీ బొమ్మ కంటే దీనికే విలువ ఎక్కువ.

ఇక కట్టే డబ్బు. ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ్ ఉత్కర్ష్ అభియాన్ అని గిరిజన ఊళ్ల కోసం కేంద్రం పథకం, 2024 అక్టోబరు 2న మొదలుపెట్టారు. అందులో గిరిజన హోమ్‌స్టేలు, అంటే టూరిస్టులు మీ ఇళ్లలోనే ఉండే గదులు ఉన్నాయి: కొత్త గదులకి ఇంటికి 5 లక్షల దాకా, ఉన్న ఇల్లు బాగుచేసుకోవడానికి 3 లక్షల దాకా, ఊరి ఉమ్మడి అవసరాలకి ఇంకో 5 లక్షల దాకా. మీ మరుగుదొడ్లు, పార్కింగ్ ఆ చివరి ఐదులో సరిపోతాయి. దేశం మొత్తానికి వెయ్యి హోమ్‌స్టేలే కాబట్టి గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ప్రాజెక్టు ఆఫీసర్ (పీవో) గారి దగ్గరికి ఆలస్యం చేయకుండా వెళ్లండి. ఇద్దరు ముగ్గురు ఇళ్లవాళ్లు సిద్ధంగా ఉన్నారని పేర్లతో సహా రాసివ్వండి, ఉత్తి ఆలోచన చెప్తే వినరు.

ఉపాధి హామీలో మొదటినుంచీ కూలీకి 60, సామగ్రికి 40 లెక్క, అందుకే కందకాలు, రాతి కట్టలు, నీళ్లు పక్కకి మళ్లించే పనులకి బాగుంటుంది. మీ దారి పని అదే కదా. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు, అందులో 7.5 శాతం గిరిజన ప్రాంతాలకి, నియోజకవర్గం అంతా వాటి మీదే కన్నేసి ఉంటుంది, ఆశ పెట్టుకోవద్దు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు అడగాలంటే ఊరి కమిటీకి నేరుగా ఇవ్వరు, 2021 నుంచి ఆ డబ్బు తీసుకోడానికి సీఎస్‌ఆర్-1 అనే రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే కావాలి. అలాంటి సంస్థ ద్వారా వెళ్తే కొనసాగే ప్రాజెక్టుగా రాయించండి, మొదలైన ఏడాది కాక ఇంకో మూడేళ్లు సాగుతుంది, నిర్వహణ ఖర్చు అందులో కలుపుకోవచ్చు. ఫొటో దిగి వెళ్లిపోయే ఇచ్చేవాళ్లని అలా కట్టేయాలి.

ఒకే మనిషి సంతకంతో బ్యాంకు ఖాతా నడిపితే మాత్రం ఊళ్లో పగలు మొదలవుతాయి. ముగ్గురి పేర్లు పెట్టండి, అందులో ఒక ఆడమనిషి ఉండాలి. ప్రతి నెలా లెక్క గోడ మీద రాయండి.

టెక్సస్ బాబాయ్:
ఇక్కడ స్టేట్ పార్కుల్లో ప్రిమిటివ్ క్యాంపింగ్ అని ఉంటుంది. దానర్థం నీళ్లు నువ్వే మోసుకెళ్లు, చెత్త నువ్వే మోసుకురా. కరెంటు ఉండదు, చాలాచోట్ల టాయిలెట్ కూడా ఉండదు, అయినా ముందే బుక్ చేసుకుని డబ్బు కట్టి వెళ్తాం. కొన్ని పార్కుల్లో గేటు దగ్గర ఇనుప పెట్టె ఉంటుంది, కవర్లో డబ్బు పెట్టి అందులో వేసి రసీదు ముక్క కారు అద్దం దగ్గర పెట్టుకోవాలి. మనదగ్గర ఆ పెట్టెనే ఎత్తుకెళ్తారని మా ఆవిడ అంటోంది, క్యూఆర్ కోడ్ మేలు.

మా ఊరి వాళ్లం కొందరం కలిసి డబ్బు పంపుదామనుకుంటున్నాం, ఎలా పంపాలి?

లెక్కల టీచరమ్మ:
అన్నయ్యగారూ, ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కిందకి రాదు. అమెరికా పౌరసత్వం తీసేసుకున్నవాళ్లు, ఓసీఐ (విదేశీ భారతీయ) కార్డు ఉన్నా సరే, విదేశీ కిందకే వస్తారు. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ లేని ఊరి కమిటీ ఆ డబ్బు తీసుకోకూడదు. అందరిదీ ఒకే ఖాతాలో కలిపి పంపేయకండి, ఆ ఊరివాళ్లకి నోటీసు వస్తుంది.

మిరియాల తోట:
నేను పక్క మండలమే. ఒక్కరు కూడా అడగలేదు, అసలు ఎంతమందిని రానివ్వాలి? టాయిలెట్ కట్టారని రీల్ పెడితే 300 కాస్తా 900 అవుతారు, అప్పుడు ఏఈ గారి లెక్క ఏమవుతుంది? నీలగిరుల్లో, కొడైకెనాల్లో 2024 మే నుంచి కార్లకి ఈ-పాస్ పెట్టారు. మీకు అంత సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఎకరంలో ఎన్ని కార్లు పడితే అన్నే టోకెన్లు, అవి అయిపోతే మెయిన్ రోడ్డు దగ్గరే ఆపేయడం.

నీళ్ల సీసాకి 20 రూపాయలు డిపాజిట్ తీసుకుని స్టిక్కర్ అంటించండి, సీసా తెచ్చి చూపిస్తే వెనక్కి ఇచ్చేయండి. నీలగిరుల్లో 2022 నుంచి మద్యం సీసా మీద పది రూపాయలు అలాగే తీసుకుని ఖాళీ సీసాకి తిరిగిస్తున్నారు. మనవాళ్లు పది రూపాయలకి బద్ధకిస్తారు, ఇరవైకి కదులుతారు.

కొండగాలి:
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి ఇదంతా ఊళ్లో చదివి వినిపించాను. ఆర్చీ పోయింది, దాని మీద ఎక్కువసేపు గొడవే కాలేదు. టోకెన్లు 60కి తేలాయి. మా కుర్రాళ్లు జిప్‌లైన్ వదులుకున్నారు గానీ మెయిన్ రోడ్డు దగ్గర నిలబడి కార్లు వెనక్కి తిప్పే పని తమకే కావాలన్నారు, కూలీతో. గ్రామసభ తీర్మానం రాసి సోమవారం పీవో గారి దగ్గరికి వెళ్తున్నాం, డీఎఫ్ఓ ఆఫీసుకి కూడా ఒక కాపీ. ఏఈ గారూ ఒక డౌట్, సీజన్ కానప్పుడు ఆరు మరుగుదొడ్లకీ తాళం వేసేయాలా?

రిటైర్డ్ ఏఈ:
నాలుగు దొడ్లకి తాళం వేయండి. రెండు ఊరివాళ్లకి వదలండి, రోజూ వాడేది ఉంటేనే కుళాయి పాడైతే ఎవరో ఒకరు అరుస్తారు. వానాకాలం గుంతల్లోకి నీళ్లు దిగకుండా మూతల చుట్టూ మట్టి ఎత్తుగా పోయించండి. తీర్మానంలో సర్వే నంబరు, ఎకరం హద్దులు రాయడం మర్చిపోవద్దు.