99 రూపాయల క్లిప్పుల మీద నిజంగా ఏమైనా మిగులుతుందా?

చీపురుపల్లి_లక్కీ:
అందరికీ నమస్తే. నాన్నకి బస్టాండ్ దగ్గర చిన్న ఫ్యాన్సీ షాపు ఉంది. క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు, గాజులు, బొట్టుబిళ్లలు, పిల్లల హెయిర్ బ్యాండ్లు, ఇవే మా సరుకు. అంతా విశాఖ పూర్ణా మార్కెట్ నుంచి తెస్తారు. డిగ్రీ అయ్యాక నేను అదే సరుకు ఆన్‌లైన్లో పెట్టడం మొదలుపెట్టాను. ఆర్డర్లు రావట్లేదని చెప్పను, వస్తున్నాయి, సంక్రాంతి ముందైతే నాన్న, తమ్ముడు, నేను భోజనాలు పక్కన పెట్టి మరీ ప్యాకింగ్ చేశాం. కానీ నెలాఖరుకి బ్యాంకులో పడింది చూస్తే నీరసం వస్తోంది.

క్లిప్పుల సెట్టు నాకు 28కి పడుతుంది. కొనేవాళ్లకి సైట్లో 99 కనిపిస్తుంది, డెలివరీ ఖర్చూ అవీ వాళ్లు పట్టుకోగా నాకు 62 వేస్తారు. కవరు, లేబులు, టేపు కలిపి నాలుగు రూపాయలు అనుకోండి. అంటే సెట్టుకి 30 మిగలాలి కదా. ఆర్డర్ల లెక్కన చూస్తే అందులో మూడో వంతు కూడా కనబడట్లేదు. ఇంకోపక్క అవే క్లిప్పులు 79కే పెట్టినవాళ్లు ఉన్నారు. నేనూ 79కి దించితే ఆర్డర్లు పెరిగి సరిపోతుందా? నాన్నేమో "షాపులో కూర్చో, ఇంతకన్నా నయం" అంటున్నారు. ఇలాంటి చిన్న వస్తువులు అమ్మేవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

గంటస్తంభం_బాబాయ్:
ముందు ఒకటి చెప్పమ్మా, వెనక్కి వచ్చినవి ఎన్ని? పోస్టు మొత్తం చదివాను, ఆ ముక్క ఎక్కడా లేదు.

నాది విజయనగరమే. గ్యాస్ లైటర్లు, పీలర్లు, టీ వడకట్టే జాలీలు అమ్ముతాను, అన్నీ 150 లోపువే. నీ అంకెలతోనే ఒక లెక్క వేస్తాను చూడు. వంద ఆర్డర్లు పంపావనుకో. అందులో 15 కస్టమర్ ఇంటి దాకా వెళ్లి "నేను పెట్టలేదు", "ఊళ్లో లేను", "డబ్బులు లేవు" అని తిరిగొచ్చాయి. ఇంకో 8 తీసుకున్నాక నచ్చలేదని రిటర్న్ పెట్టారు. క్యాష్ ఆన్ డెలివరీలో ఇది పెద్ద విశేషమేమీ కాదు. నిలబడ్డవి 77. 77 ఇంటూ 62 అంటే 4774 నీకు పడింది. సరుకు ఖరీదు 77 ఇంటూ 28, 2156 తీసెయ్. ప్యాకింగ్ మాత్రం వందకీ అయింది కాబట్టి 400 తీసెయ్. ఇక ఆ 8 రిటర్న్‌లకి వెనక్కి తెచ్చిన డెలివరీ చార్జీ నీ దగ్గరే పట్టుకుంటారు, ఒక్కోదానికి 130 వేసుకో, 1040. వెనక్కొచ్చిన మొత్తం 23లో ఓ అయిదు విరిగో నలిగో మళ్లీ అమ్మడానికి పనికిరావు, 140. ఇప్పుడు మిగిలింది 1038. ఆర్డరుకి పది రూపాయలు! నీ ముప్పై పోయింది ఇక్కడే. ఇంకా పూర్ణా మార్కెట్‌కి పోను రాను చార్జీలు, కూలీ, నీ కష్టం ఇందులో వేయనే లేదు.

మరి 79కి దించితే? చేతికి 62 బదులు ఓ 44 వస్తుందేమో. పై లెక్క మళ్లీ వేసుకో, ఆర్డర్లు ఎన్ని పెరిగితే నష్టం అంత పెరుగుతుంది. ఆ 79 వాడు గ్రోసుల (గ్రోసు అంటే 12 డజన్లు) లెక్కన కాదు, బేళ్ల లెక్కన దింపుతాడు, వాడితో మనకి పోటీ ఏటి?

పార్సిల్ ఖర్చు క్లిప్పు ధర చూసి తగ్గదు. అందులో 28 రూపాయల సరుకున్నా 84 రూపాయల సరుకున్నా కవరు అదే, టేపు అదే, రిటర్న్ చార్జీ దాదాపు అదే. అందుకని మూడు సెట్లు కలిపి 249కి ఒక కాంబో పెట్టి చూడు. చేతికి 175 వస్తుందనుకుందాం, ప్యాకింగ్ 5, రిటర్న్ 140, మిగతా శాతాలన్నీ పైనివే వేసుకుంటే వంద ఆర్డర్లకి 4967 మిగులుతుంది. వంద రావు, ఒప్పుకుంటాను. నలభై వచ్చినా రెండు వేల దగ్గరికి వస్తుంది, అంటే వంద విడి సెట్లు పంపిన దానికి దాదాపు రెట్టింపు, ప్యాకింగ్ చాకిరీ సగం కన్నా తక్కువ.

ఒక్క జాగ్రత్త. కాంబో అనగానే అందంగా ఉంటుందని అట్టపెట్టెలోకి వెళ్లకు. కొరియర్ వాళ్లు కాటా మీద బరువే కాదు, సైజు కూడా లెక్కేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలామంది 5000తో భాగిస్తారు. 30, 20, 10 పెట్టె అయితే 6000 బై 5000, అంటే 1.2 కిలోల కింద లెక్క, లోపల ఉన్నది మూడు వందల గ్రాములే అయినా సరే. అదే కవర్లో 20, 15, 4 లో సర్దితే సైజు లెక్క పావుకిలో లోపే. చాలాచోట్ల మొదటి బరువు స్లాబు అరకిలో, అది దాటనివ్వకు.

రాజాం_కుర్రోడు:
అన్నీ దండగ. సైట్లకి లాభం, కొరియర్‌కి లాభం, మనకి చాకిరీ. మీ నాన్నగారు చెప్పిందే కరెక్ట్, షాపులో కూర్చోండి.

గంటస్తంభం_బాబాయ్:
షాపులో కూర్చుని కూడా ఆన్‌లైన్లో అమ్మొచ్చు తమ్ముడూ, రెండిటికీ గొడవేం లేదు. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా చీపురుపల్లి బజార్లో ఫ్యాన్సీ షాపుకి ఎవరొస్తారు? ప్యాకింగ్ అప్పుడే.

కాశీబుగ్గ_సుజాత:
బాబాయ్ లెక్క బాగుంది గానీ లక్కీ, అసలు రిటర్న్‌లు ఎందుకొస్తున్నాయో చూశావా? నేను పలాస జీడిపప్పు చిన్న ప్యాకెట్లు అమ్ముతాను. గుండు పప్పు కాదు, బద్దలూ ముక్కా. పాయసంలోకీ ఉప్మాలోకీ అవే చాలు, ధర తక్కువ. మొదట్లో నాకూ "ఫొటోలో పెద్దగా ఉంది, వచ్చింది చిన్నది" అనే గోలే. దగ్గరగా తీసిన ఫొటోలో ముక్క కూడా గుండు లాగే కనిపిస్తుంది మరి! ఇప్పుడు మొదటి ఫొటోలోనే పప్పుని అరచేతిలో పోసి చూపిస్తాను, "ఇవి ముక్కలు, గుండు పప్పు కాదు" అని మొదటి లైనులోనే రాస్తాను. ఆర్డర్లు కొన్ని తగ్గాయి, ఆ తగ్గినవన్నీ ఎలాగూ వెనక్కి వచ్చేవే.

నీ క్లిప్పు కూడా అంతే. తెల్ల గోడ ముందు క్లిప్పొక్కటీ పెట్టి తీస్తే ఎంత ఉందో ఎవరికి తెలుస్తుంది? జడకి పెట్టి తియ్యి, పక్కన స్కేలు పెట్టి ఇంకోటి తియ్యి. "రంగులు మా ఇష్టం" అని కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో రాస్తే ఎవరూ చదవరు. గులాబీ రంగు ఫొటో చూసి కొన్న పిల్లకి ఆకుపచ్చ వస్తే రిటర్న్ కాక ఏమవుతుంది. రంగుకో లిస్టింగ్ పెట్టు, లేదంటే అన్ని రంగులూ ఉన్న సెట్టే అమ్ము.

ఇంకో మాట. నాకు లాభం మొదటి ఆర్డర్లో రాదు. రెండోసారి నేరుగా వాట్సాప్‌లో అడిగేవాళ్ల మీద వస్తుంది, వాళ్లు ముందే ఫోన్‌పే చేస్తారు కాబట్టి వెనక్కి రావడం అన్న మాటే లేదు. అలాగని సైట్లో వచ్చిన కస్టమర్ పార్సిల్లో నీ ఫోన్ నంబరు చీటీ పెట్టకు, చాలా సైట్లు ఒప్పుకోవు, అకౌంటు ఆపేస్తారు. వాట్సాప్ వాళ్లని మన ఊళ్లోనే పట్టాలి. డ్వాక్రా మీటింగులు, ట్యూషన్ దగ్గర అమ్మలు, పెళ్లిళ్లు, పైడితల్లమ్మ పండగ. దసరా తర్వాత మంగళవారం సిరిమాను ఉత్సవం చూడటానికి జిల్లా అంతా విజయనగరంలోనే ఉంటుంది, దానికి ముందు రెండు వారాలు నీ గాజులకీ క్లిప్పులకీ సైటే అక్కర్లేదు.

చీపురుపల్లి_లక్కీ:
బాబాయ్, సుజాతక్కా, చాలా థాంక్స్. ఇప్పుడే డాష్‌బోర్డు తీసి చూశాను. ఎక్కువ రిటర్న్‌లు రెండే రకాల మీద ఉన్నాయి, ముత్యాల క్లిప్పు, పిల్లల కిరీటం బ్యాండు. కిరీటం దారిలోనే వంగిపోతోంది. రెండూ ఆపేస్తున్నాను. ఇంకో సమస్య, ఒకావిడ కొత్త సెట్టు ఉంచేసుకుని, వాడేసిన పాత క్లిప్పులు అదే కవర్లో పెట్టి పంపింది. వెంట్రుకలతో సహా! దీనికేం చేస్తారు? పైగా జీఎస్టీ సంగతి కూడా అర్థం కావట్లేదు, ఇప్పటిదాకా మన రాష్ట్రంలోనే అమ్ముతున్నాను.

గంటస్తంభం_బాబాయ్:
వెంట్రుకల సంగతి నాకూ తెలుసు, నాకు ఒకాయన మసి పట్టిన లైటర్ పంపాడు. వీడియో ఒక్కటే దారి. వెనక్కొచ్చిన కవరు కత్తిరించకముందే ఫోన్ స్టాండుకి పెట్టి రికార్డింగ్ ఆన్ చెయ్, లేబుల్ మీద నంబరు కనబడాలి, ఆరు వైపులా చూపించి, మధ్యలో ఆపకుండా తెరువు. కట్ చేసిన వీడియో అయితే నష్టం ఇమ్మని పెట్టిన క్లెయిమ్ సైట్ వాళ్లు తిప్పి కొడతారు. క్లెయిమ్‌కి గడువు కొద్ది రోజులే ఉంటుంది, కాబట్టి వచ్చినవి మూల పడేసి ఆదివారం చూద్దాంలే అనుకోకు, వచ్చిన రోజే తెరువు. పంపేటప్పుడు కూడా ఖరీదైన కాంబోలకి ఒక చిన్న వీడియో తీసి పెట్టుకో. క్లిప్పుల కార్డుకి నీ సొంత స్టిక్కర్ ఒకటి అంటించు, అది చింపితే గానీ క్లిప్పు ఊడి రాకూడదు. స్టిక్కర్ చిరిగి వచ్చిందంటే వాడినట్టే, ఆ ఫొటో క్లెయిమ్‌లో బాగా పనికొస్తుంది.

ఇచ్ఛాపురం_లెక్కలు:
జీఎస్టీ గురించి నేను చెప్తాను, నేను చేసే పనే అది. సొంత రాష్ట్రంలో మాత్రమే అమ్మేవాళ్లకి, ఏడాది అమ్మకం 40 లక్షల లోపు ఉంటే, 2023 అక్టోబర్ 1 నుంచి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే సైట్లలో అమ్ముకునే వీలుంది. జీఎస్టీ పోర్టల్లో పాన్ పెట్టి ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఒకటి తీసుకోవాలి, అది సైట్ వాళ్లకి ఇవ్వాలి. మీరు ఇప్పటికే అమ్ముతున్నారంటే బహుశా అదే ఇచ్చి ఉంటారు. లేదా నాన్నగారి జీఎస్టీ నంబరు ఇచ్చారేమో, చూసుకోండి. పాన్ ఎవరిదైతే అమ్మకం వాళ్లదే, నాన్నగారి పాన్ అయితే షాపు అమ్మకమూ దీనికి కలుస్తుంది. ఆయన చిన్న వ్యాపారులకి తక్కువ పన్ను పడే కాంపొజిషన్‌లో ఉంటే సైట్లో అమ్మొచ్చు గానీ అది కూడా రాష్ట్రం లోపలే.

రాష్ట్రం దాటిందా, క్లిప్పుల్లాంటి పన్ను ఉన్న సరుకుకి మొదటి రూపాయి నుంచీ రిజిస్ట్రేషన్ కావాలి. మా ఊరి నుంచి తిరుపతికి నంబరు లేకుండా పంపొచ్చు, పట్టుమని ముప్పై కిలోమీటర్లు లేని బరంపురానికి పంపకూడదు, అది ఒడిశా కాబట్టి! మా ఊళ్లో షాపుల వాళ్లకి ఇది చెప్తే నన్నే తిడతారు. గాజు గాజులకి పన్ను లేదు, కేవలం అవే అమ్మేవాళ్ల సంగతి వేరు, కానీ క్లిప్పులు కలిపారంటే లెక్క మారుతుంది.

రిజిస్ట్రేషన్ తీసుకుంటే ఊరికే ఉండదు. అమ్మకం లేకపోయినా నిల్ రిటర్న్, అంటే సున్నా అని పన్ను లెక్క, వేయాలి, ఆలస్యమైతే రోజుకి 20 రూపాయలు. సైట్ వాళ్లు మీ అమ్మకంలో 0.5 శాతం టీసీఎస్ కింద, అంటే ముందస్తు పన్నుగా, పట్టుకుంటారు, 2024 జూలైకి ముందు అది 1 శాతం. అది ఖర్చు కాదు, మీ జీఎస్టీ ఖాతాలోకే వస్తుంది, కానీ పోర్టల్లో దాన్ని ఒప్పుకోవాలి, చాలామంది ఆ పని చేయక వదిలేస్తున్నారు. ఆర్డరుకి పది రూపాయలే మిగిలే దశలో రాష్ట్రం దాటకండి. కాంబోలు నిలబడ్డాక చూద్దురుగాని.

కాశీబుగ్గ_సుజాత:
తిండి వస్తువు జోలికి వెళ్లేవాళ్లయితే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు కూడా ఉండాలి, అది లేకుండా ఆవకాయలూ అప్పడాలూ మొదలుపెట్టకండి. క్లిప్పులకి ఆ బాధ లేదు గానీ ప్యాకెట్ మీద ఎమ్మార్పీ, ఎన్ని పీసులు, ప్యాక్ చేసినవాళ్ల పేరు, అడ్రసు, నెలా సంవత్సరం, ఫిర్యాదు చేసుకోవడానికి ఫోన్ నంబరు, ఇవి ఉండాల్సిందే. పూర్ణా మార్కెట్లో పెద్ద ప్యాకెట్ విప్పి చిన్నవి చేస్తే ఆ లేబుల్ బాధ్యత నీది.

చీపురుపల్లి_లక్కీ:
ఎన్‌రోల్‌మెంట్ నంబరే ఉంది అండీ, నా పాన్ మీద. లేబుల్ సంగతి ఇప్పుడే తెలిసింది, ఈ వారమే ప్రింట్ వేయిస్తాను. మూడు సెట్ల కాంబో ఫొటోలు రేపు తీస్తాను, మా పిన్ని కూతురి జడకి పెట్టి. వాట్సాప్ వాళ్లకి పంపడానికి కొరియర్ తప్ప చవగ్గా ఏదైనా ఉందా?

గంటస్తంభం_బాబాయ్:
దగ్గర ఊళ్లకి ఆర్టీసీ కార్గో చూడు. పాలకొండ, టెక్కలి, బొబ్బిలి, సాలూరు, పొద్దున్న వేస్తే బేగి వెళ్లిపోతుంది. మామూలుగా వాళ్లే బస్టాండ్‌కి వచ్చి తీసుకోవాలి, కాబట్టి ఒకే ఊళ్లో నలుగురివి కలిపి ఒక మనిషి పేరు మీద వేస్తే గిట్టుబాటు. బొట్టుబిళ్లల్లాంటి తేలిక సరుకుకి స్పీడ్ పోస్ట్ కూడా ఉంది, రేటు పోస్టాఫీసులో అడిగి చూసుకో.

రాజాం_కుర్రోడు:
సరే బాబాయ్, ఆ కవర్లు ఎక్కడ కొంటున్నారో కూడా చెప్పండి, మా అప్పకి కావాలట.