ఏపీ కాలిక్యులస్ బీసీ: ఇంట్లో చదివి రాయొచ్చా, కోచింగ్ తప్పదా?

మియాపూర్ నాన్న:
మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. అమెరికాలో ఇంజినీరింగ్ చేయాలని ఆశ. వచ్చే మేలో ఏపీ కాలిక్యులస్ బీసీ రాస్తానంటోంది, అదీ సొంతంగా చదివి. (ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, స్కూల్లో ఉండగానే రాసే అమెరికా కాలేజీ స్థాయి పరీక్ష; కాలిక్యులస్‌లో ఏబీ, బీసీ అని రెండు ఉంటాయి, బీసీ పెద్దది. మా అమ్మ మాత్రం "పరీక్షకి విజయవాడ దాకా పోవాలా?" అంది.) మాదాపూర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో కనుక్కుంటే 80 వేలు అన్నారు. కట్టమంటారా?

లెక్కల మాస్టారు:
వద్దండి. మన 1బిలో లిమిట్స్, డిఫరెన్షియేషన్, 2బిలో ఇంటిగ్రేషన్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ ఉండనే ఉన్నాయి. బీసీలో సగానికి పైగా అదే సరుకు. కొత్తగా చదవాల్సిన పెద్ద చాప్టర్ ఇన్ఫినిట్ సిరీస్: కన్వర్జెన్స్ టెస్టులు, టేలర్ సిరీస్. రెండు నెలల పని. పాత ఫ్రీ రెస్పాన్స్ ప్రశ్నలు (స్టెప్పులతో రాసే పెద్ద ప్రశ్నలు), వాటికి పాయింట్లు ఎలా వేస్తారో సహా, ఈ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డ్ సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఉచిత వీడియో పాఠాలకి ఖాన్ అకాడమీ ఎలాగూ ఉంది. ఆ 80 వేలు దాచుకోండి, విమానం టికెట్‌కి పనికొస్తాయి.

కూకట్‌పల్లి అమ్మ:
మాస్టారూ, పొద్దున ఆరింటికి బస్సెక్కి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే పిల్లకి ఆ రెండు నెలలు ఎక్కడి నుంచి తెస్తారు? బోర్డు పరీక్షలు, ఏప్రిల్‌లో జేఈఈ మెయిన్ రెండో విడత, ఆ వెంటనే ఎంసెట్ (పేరు మారినా మా ఇంట్లో ఎంసెట్టే). మా వాడూ "యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయమ్మా" అన్నాడు. అన్నీ ఉన్నాయి, వాడు తప్ప! డిసెంబరు దాకా లిమిట్స్ దగ్గరే కూర్చున్నాడు. వారానికోసారైనా అడిగే మనిషి లేకపోతే సాగదు.

చిక్కడపల్లి బెంచీ:
అంకుల్, నేను సొంతంగా చదివి రాశాను, 5కి 5 వచ్చింది. సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్‌కి చదివే అన్నల మధ్య కూర్చునేవాణ్ణి. కరెంట్ అఫైర్స్ లేని పరీక్ష కూడా ఉంటుందా అని వాళ్లకి ఆశ్చర్యం.

లెక్క రావడం వేరు, అక్కడ పాయింట్లు తెచ్చుకోవడం వేరు. 45 బిట్లు, 6 పెద్ద ప్రశ్నలు, పెద్దవి ఒక్కోటి 9 పాయింట్లు. ట్యాంకులోకి నీళ్లు గంటకి ఇంత చొప్పున వస్తున్నాయి, ఇంత చొప్పున పోతున్నాయి, మూడో గంటలో మట్టం పెరుగుతోందా, కారణం చెప్పు అంటారు. నేను "పెరుగుతోంది" అని రాసి వదిలేశాను. స్కోరింగ్ కాగితంతో దిద్దుకుంటే సున్నా. ఆ క్షణంలో వచ్చే రేటు పోయే రేటు కంటే ఎక్కువ కాబట్టి, అని రాయాలి. మన ఏడు మార్కుల ప్రశ్నల్లో ఈ మాటలు ఎవరు రాయించారు? పైగా పెద్ద ప్రశ్నల్లో రెండింటికి గ్రాఫింగ్ కాలిక్యులేటర్ వాడాలి. ఇంటర్‌లో దాన్ని ముట్టుకోనే ముట్టుకోం. నాకు మొదటి నెల ఆ బటన్ల టెన్షనే సరిపోయింది.

కూకట్‌పల్లి అమ్మ:
దిద్దే మనిషి కావాలనే కదా నేనూ అనేది?

లెక్కల మాస్టారు:
దిద్దడానికి 80 వేలా తల్లీ? ఆదివారం గంటసేపు కాలేజీ లెక్చరర్ చాలు. సిలబస్ మొత్తం మళ్లీ చెప్పించుకోవడం మాత్రం దండగ.

చిక్కడపల్లి బెంచీ:
మాస్టారి మాటే కరెక్ట్. నాకు దిద్దింది మా మేనమామ, డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తాడు. అయితే అంకుల్, వీటన్నిటికంటే ముందు పరీక్ష రాయడానికి సీటు చూసుకోండి. బయటి పిల్లల్ని కూర్చోబెట్టే, ఏపీ పరీక్ష పెట్టే స్కూల్‌ని మనమే వెతుక్కోవాలి. నేను నాలుగు ఇంటర్నేషనల్ స్కూళ్లకి ఫోన్ చేస్తే మూడు "మా పిల్లలకే" అన్నాయి. పరీక్ష మేలో అయినా రిజిస్ట్రేషన్ ముందు ఏడాది నవంబరులోపే అయిపోవాలి. ఇంకోటి, ఏ యూనివర్సిటీ ఎంత స్కోరుకి క్రెడిట్ (అక్కడ ఆ కోర్సు చదివినట్టే లెక్క) ఇస్తుందో చూసుకోండి. ఎంఐటీలో బీసీకి 5 వస్తేనే మొదటి కాలిక్యులస్ కోర్సుకి క్రెడిట్, 4కి ఇవ్వరు.

మియాపూర్ నాన్న:
రేపు ఫోన్లు చేస్తాను బాబూ. ఈలోగా ఆ ట్యాంకు ప్రశ్న మా అమ్మాయికి ఇచ్చాను. "పెరుగుతోంది" అని ఒక్క ముక్క రాసి, చుట్టూ స్కేలుతో చక్కగా డబ్బా కట్టింది.